గ్రాఫంతా 1970లో ఇరుక్కుపోయింది!

ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకి డీహెచ్‌టీ22 అనే సెన్సార్ తగిలించి, ఉష్ణోగ్రతను జేసన్‌గా (పేరు, విలువ జతలుగా రాసే డేటా రూపం) పంపిస్తున్నాను. బ్రౌజర్లో అంకెలు చక్కగానే మారుతున్నాయి. గ్రాఫ్ గీసే డాష్‌బోర్డులో మాత్రం చుక్కలన్నీ 1970 జనవరి 20 దగ్గర కుప్పపడ్డాయి. రెండు రాత్రులు దీనికే పోయాయి. పంపేది ఇదీ: టైమ్ 1718000000, టెంప్ "27.4".

జవాబు: ఆ టైమ్ అంకె 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లండీ. డాష్‌బోర్డును నడిపే జావాస్క్రిప్ట్ భాష వాటిని మిల్లీసెకన్లు అనుకుంటుంది. ఆ లెక్కన 1970 మొదలై ఇరవై రోజులు కూడా నిండవు. 1000తో గుణించండి.

మరో జవాబు: 27.4 చుట్టూ కొటేషన్లు తీసేయండి, అలా పంపితే అది అంకె కాదు, అక్షరాలు. అన్నట్టు, ఆ సెన్సార్ రెండు సెకన్లకోసారే కొత్త రీడింగ్ ఇస్తుంది. అంతకంటే తొందరపెట్టి లాభం లేదు.

గీత ఇవాళ్టికి వచ్చేసింది! కొటేషన్లు నా చేతిపనే, సిగ్గుగా ఉంది. కానీ రీడింగ్ తప్పినప్పుడల్లా గీత సున్నాకి పడిపోతోంది.

జవాబు: సున్నా బదులు నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) పంపండి. అక్కడ ఖాళీ కనిపిస్తుంది.