పాత ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ ఆయిల్ కూలింగ్‌కి కొనొచ్చా? (చెన్నై)

మౌల్డింగ్‌వాలా:
అందరికీ నమస్కారం. అంబత్తూరు ఎస్టేట్‌లో మాది ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్. కత్తిరి ఎండల్లో హైడ్రాలిక్ ఆయిల్ 60 డిగ్రీలు దాటేస్తోంది, ఉన్న కూలర్ చాలట్లేదు. ఒక డీలర్ దగ్గర డెయిరీలో వాడి తీసేసిన ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (పలుచని స్టీలు ప్లేట్ల మధ్య ఒక వైపు ఆయిల్, ఒక వైపు నీళ్లు పారి ఆయిల్ చల్లబడే కూలర్) ఉంది, కొత్తదాని రేటులో మూడో వంతు చెప్తున్నాడు. బయట ఫ్రెష్‌గా పెయింట్ కూడా వేయించాడు. మాకు నీళ్లు బోరువే. తీసుకోమంటారా?

మణలి ఫిట్టర్:
పెయింట్ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. నేమ్‌ప్లేట్ మీద రెండు ఫ్రేముల మధ్య ఎంత దూరం ఉండేలా బిగించాలో మిల్లీమీటర్లలో ఉంటుంది, టేపు పెట్టి కొలవండి. ఇప్పటికే కనీస కొలతకు వచ్చేసి ఉంటే గాస్కెట్ల (ప్లేట్ల మధ్య ఉండే రబ్బరు సీళ్ల) పని అయిపోయినట్టే, ఇంకా బిగిస్తే ప్లేట్లు నలుగుతాయి. తర్వాత ఒక వైపు నీళ్లు నింపి ప్రెషర్ ఎక్కించమనండి, రెండో వైపు కింది నాజిల్ (పైపు తగిలించే మూతి) తెరిచి పెట్టి కాసేపు అక్కడే నిలబడండి. ఆ నాజిల్లోంచి బొట్లు పడుతుంటే ప్లేటుకు చిల్లు ఉన్నట్టు. బయట అంచుల్లోంచి కారితే అది గాస్కెట్, దాన్ని మార్చుకోవచ్చు. ప్లేటు మందం సుమారు అర మిల్లీమీటరే కాబట్టి సన్న చీలిక కంటికి ఆనదు, ఆయిల్లో నీళ్లు కలిసి తెల్లగా అయ్యాక తెలిస్తే అప్పటికే పంపు, వాల్వులు దెబ్బతింటాయి. టెస్ట్ చేయనంటే వచ్చేయండి.

కూలింగ్ టవర్:
పై మాటలన్నీ కరెక్టే, కానీ అసలు ఖర్చు గాస్కెట్లదండీ. డెయిరీ సరుకు కదా, ఈపీడీఎం అనే రబ్బరు వేసి ఉండొచ్చు. మినరల్ ఆయిల్ తగిలితే అది ఉబ్బిపోతుంది, మీకు ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరు కావాలి. ఆ మోడల్‌కి పూర్తి సెట్ దొరుకుతుందా, ఎంత అవుతుంది అని ముందు కనుక్కుని అప్పుడు బేరమాడండి. పాశ్చరైజర్ (పాలు వేడిచేసి చల్లార్చే యూనిట్) అయితే లోపల సెక్షన్లు వేరువేరుగా ఉంటాయి, ప్లేట్ల అమరిక మార్చాలి, మీ ఆయిల్ ఫ్లోకి ఎన్ని ప్లేట్లు కావాలో ఎవరితోనైనా లెక్క వేయించండి.

ఇంకోటి, మన బోరు నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ ఉంటే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేట్లకు గుంటలు పడతాయి, 316 గ్రేడు కాస్త మెరుగు. అయస్కాంతం పెడితే 304, 316 తేడా తెలియదు, పీఎంఐ గన్‌తో (లోహంలో ఏమేం ఉన్నాయో చెప్పే పరికరం) చూపించుకోండి. నీళ్లు ల్యాబ్‌కిచ్చి క్లోరైడ్ చూశాకే డబ్బు కట్టండి.

మౌల్డింగ్‌వాలా:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. ఉప్పు పేరుకుంటే మా వాళ్లు యాసిడ్ పోస్తామంటున్నారు, పోయొచ్చా?

మణలి ఫిట్టర్:
హైడ్రోక్లోరిక్ మాత్రం వద్దే వద్దు, స్టీలు తినేస్తుంది. గోరువెచ్చని సిట్రిక్ యాసిడ్ తిప్పి మంచినీళ్లతో కడగండి, విప్పినప్పుడు నైలాన్ బ్రష్ వాడండి, తీగ బ్రష్ కాదు. నీళ్ల లైన్‌కి స్ట్రైనర్ (చెత్త ఆపే జల్లెడ) తప్పకుండా పెట్టండి.