'ప్రతిదీప్తి'లో 'ప్రతి' ఏం చేస్తోంది?

అనువాదకురాలు:
ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు లేత కొమ్మ బెరడు గీరి నీళ్లలో వేస్తే మామూలు వెలుతురులో పెద్ద విశేషమేమీ కనబడదు. అతినీలలోహిత దీపం కింద పెడితే మాత్రం బెరడు నుంచి నీలం పొగ జారుతున్నట్టు కాంతి తీగలు తీగలుగా దిగుతుంది. బెరడులోని ఎస్కులిన్ అనే పదార్థం నీళ్లలో కరుగుతోందన్నమాట. ఇంగ్లీషులో ఫ్లోరెసెన్స్ అనే ఆ వెలుగుని 'నీలి ప్రతిదీప్తి' అని రాశాను. సరిచూసినాయన అది కొట్టేసి 'మెరుపు' అని పెట్టారు. "ప్రతిబింబం, ప్రతిధ్వని, ప్రతిఫలనం... ప్రతి అంటే వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోవడం. ఇక్కడ జరిగేది అది కాదు కదమ్మా" అన్నారు. మెరుపు నాకు మింగుడు పడటం లేదు, ఆయన మాట తోసిపుచ్చనూ లేకున్నాను. ఏమంటారు?

పదాలపిచ్చి:
మెరుపు వద్దండీ. అది తళుక్కుమని పోవాలి. దీపం ఉన్నంతసేపూ నిలిచే కాంతికి ఆ మాట అతకదు. 'నిగారింపు' అంటే?

అనువాదకురాలు:
నిగారింపు నున్నటిదాని మీద వెలుగు పడితే వచ్చేది కదండీ. తిరిగి తిరిగి ప్రతిఫలనం దగ్గరికే వచ్చాం.

కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, ఈ తగువు పాతదే. 1845లో జాన్ హెర్షెల్ క్వినైన్ సల్ఫేటు ద్రావణంలో, వెలుగు పడే వైపు పైపొరలోనే నీలికాంతి చూసి, అది ద్రవం ఉపరితలం చేసే చిత్రమనుకున్నాడు. 1852లో జార్జి స్టోక్స్ క్వినైన్‌తో పాటు మీ చెస్ట్‌నట్ బెరడు కషాయాన్నీ పరీక్షించాడు. కంటికి కనబడని కిరణాలు లోపలికి పోయి కనబడే రంగుగా బయటికొస్తున్నాయని తేల్చాడు. తమాషా ఏమిటంటే ఆయన కూడా మొదట ప్రతిఫలనం అన్న మాటకే ఒక విశేషణం తగిలించి వాడాడు. అది తనకే నచ్చక, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద 'ఫ్లోరెసెన్స్' అని కొత్తమాట కట్టాలనుందని ఫుట్‌నోటులో రాసుకున్నాడు. ఒపాల్ రాయి నుంచి ఒపలెసెన్స్ వచ్చిందిగా, ఆ వరసలో. అంటే ఇంగ్లీషు మాట ఏ పనినీ వర్ణించదు, ఒక రాయి పేరు మోస్తుంది, అంతే. మన మాట అర్థం చెప్పబోయింది కాబట్టి తగువులో ఇరుక్కుంది.

ఇక 'ప్రతి' సంగతి. ప్రతిధ్వని ఒక్కటే గుర్తుకొస్తే ఎలా? ప్రత్యుత్తరం ఉంది, ప్రతిక్రియ ఉంది. మనం రాసిన ఉత్తరమే తిరిగొస్తే దాన్ని ప్రత్యుత్తరం అనం, అడ్రసు దొరకలేదంటాం. ఇక్కడ అణువు అతినీలలోహిత కాంతిని మింగుతుంది, అందులో కొంత శక్తిని కంపనాల రూపంలో చుట్టూ ఉన్న నీటికి ధారపోస్తుంది, మిగిలినదాన్ని నానోసెకన్లలో తక్కువ శక్తి గల కాంతిగా వదులుతుంది. 365 నానోమీటర్ల దీపం వేస్తే వచ్చేది దాదాపు 450 దగ్గరి నీలం. వచ్చిన కాంతి వేరు, ఇచ్చిన జవాబు వేరు. ప్రతిదీప్తి అంటే జవాబు వెలుగు. నేనైతే ఆ మాట మార్చను.

పదాలపిచ్చి:
మాస్టారూ, దీపం ఆర్పాక కూడా వెలిగేవి ఉంటాయిగా?

కెమిస్ట్రీ మాస్టారు:
అది స్ఫురదీప్తి. ఎస్కులిన్ అలా కాదు, దీపం ఆరితే తనూ ఆరుతుంది. ఇంకోటి: దీని ద్రావణంలో ఆమ్లం పోస్తే కాంతి తగ్గిపోతుంది, క్షారం కలిపితే మళ్లీ వస్తుంది. క్వినైన్ నడత దీనికి తలకిందులు, దాని నీలం బాగా పలికేది ఆమ్లంలోనే.

ల్యాబు మనిషి:
మైక్రోబయాలజీ బల్ల దగ్గర మేం రోజూ చూసేదే ఇది, కానీ ప్రతిదీప్తి అన్నవాణ్ణి చూడలేదు. పైత్యరసం, ఎస్కులిన్, ఇనుము లవణం కలిపిన అగార్ (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ) మీద ఎంటరోకాకస్ అనే బాక్టీరియా పెరిగితే అది ఎస్కులిన్‌ని విరిచేస్తుంది. గ్లూకోజు ఒక పక్కకి, ఎస్కులెటిన్ ఒక పక్కకి పోతాయి. ఆ ఎస్కులెటిన్ ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. మేం "నల్లబడింది" అంటాం, పాజిటివ్ అని రాస్తాం. ఇనుము వాడకుండా దీపం కింద చూసే పద్ధతీ ఉంది. అందులో నీలికాంతి పోతే పాజిటివ్, ఉంటే నెగెటివ్. కొత్తగా చేరినవాళ్లు దీన్ని తిరగేసి రాసి తిట్లు తింటారు. నేనూ తిన్నాను.

అన్నట్టు అనువాదంలో పేర్లు జాగ్రత్తమ్మా. ఎస్కులెటిన్‌కి ఆరో స్థానంలో గ్లూకోజు తగిలితేనే ఎస్కులిన్. ఎస్సిన్ పూర్తిగా వేరు, అది సపోనిన్లనే, సబ్బులా నురగనిచ్చే పదార్థాల మిశ్రమం. కాళ్ల సిరల జబ్బుకి వాడే చెస్ట్‌నట్ గింజల సారంలో ముఖ్యం అదే. మూడూ ఒకే చెట్టువి. తెలుగులో ఒక్క అక్షరం జారితే పదార్థమే మారిపోతుంది.

అనువాదకురాలు:
మాస్టారూ, మీ ఉత్తరం పోలిక ఆయనకి వినిపించాను. "సరే, ప్రతిదీప్తి ఉండనీ, కానీ మొదటిసారి వచ్చినచోట జవాబు వెలుగు అని విడమర్చు" అన్నారు. అలాగే దిద్దాను. ల్యాబు అన్నయ్యా, మీరు చెప్పాక వెతికితే రెండుచోట్ల ఎస్కులిన్ అని ఉండాల్సింది ఎస్సిన్ అని రాసేశాను. ఇంకెన్ని ఉన్నాయో, మళ్లీ మొదటి పేజీ నుంచి కూర్చుంటున్నాను.