సమస్య: "కొట్టులో దొంగ కాసులు పెట్టిపోయె"

నిర్వాహకుడు: ఈసారి చిన్నప్పటి ఊరి కొట్ల మీద పూరించండి. పైనుంచి వేలాడే పురికొస, దాన్ని వేలికి చుట్టి పుటుక్కున తెంపే చెయ్యి, పొట్లం కట్టాక మన అరచేతిలో పడే కొసరు బెల్లంముక్క, ఏదైనా సరే. దొంగ కాసులు ఎత్తుకుపోవాలి గాని పెట్టిపోవడమేమిటో మీరే చెప్పాలి.

సీమచింత:
చిన్ననాఁ డొక్క బెల్లపు జీడి దోచి
పెద్దయై కొల్వులో నిల్చి పేర్మితోడ
తాత కన్నులు మూసిన తరుణమందు
కొట్టులో దొంగ కాసులు పెట్టిపోయె

గోదారిగట్టు: మనసున్న కథ. కాని "కన్నులు మూసిన" అనగానే తాత పోయాడేమోనని గుండె గుభేలుమంది. "తాత కునుకుతీసినయట్టి తరుణమందు" అనండి, గణాలు (పాదంలోని గురులఘువుల గుంపులు) చెడవు. "పేర్మితోడ" మాత్రం పాదం నింపడానికే వచ్చింది. నా పూరణ:

అరిగినట్టివి చిల్లుతో నలరు నవియు
మూటఁ గట్టుక వచ్చిన ముద్దు బుడుత
శెట్టి పప్పులు తూఁచఁగఁ జిలిపిగాను
కొట్టులో దొంగకాసులు పెట్టిపోయె

అటుకులబస్తా: ఆహా, ఆ విరుపు! అందరం దొంగ మనిషి కోసం వెతుకుతుంటే మీరు నాణేన్నే దొంగను చేశారు. చిల్లుకాణీ 1943లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు దిగాక మెల్లగా అది పిల్లల మొలతాళ్ళకెక్కింది. మా ఇంట్లో ఒకటి అలాగే మిగిలింది.

సీమచింత: విరుపు బాగుంది, కాదనను. కాని ఏ శెట్టి అంత అమాయకుడండీ? నాణేన్ని బల్ల మీద టంగుమనిపించి, మోత విని గాని గల్లాపెట్టెలో వేసేవాడు కాదు.

గోదారిగట్టు: అందుకే "తూఁచఁగ" అన్నాను. త్రాసు ముల్లు నిలిచేదాకా ఆయన చూపు అటే ఉంటుంది. అయినా, పోయిన నెల పూరణలో ఐదు పైసల బిళ్ళని "గుండ్రని" అన్నవారు నాణేల సంగతి ఎత్తడమా? అది నాలుగు పలకలది.

సీమచింత: ఆ పద్యంలో గుండ్రనిది పది పైసలు. మళ్ళీ చదవండి.

అటుకులబస్తా: అల్యూమినియం పది పైసలైనా అంచంతా వంకీలేనండీ! ఆ పద్యాన్ని ఇక వదిలేద్దాం. నాది చూడండి:

అమ్మ యిచ్చిన చిల్లర నరచేతఁ బట్టి
తోడివారల యాటలో దొంగయైన
వాఁడు నూనెను మఱచి తాఁ బరుగుతోడ
కొట్టులో దొంగ కాసులు పెట్టిపోయె

గోదారిగట్టు: మొదటి పాదం నాలుగో గణం! "నరచేత" సలమైంది, అంటే ఇంద్రగణం; తేటగీతిలో అక్కడ అంతకంటే చిన్నదైన సూర్యగణం పడాలి. "చిల్లర నందికొనుచు" అంటే సరి. కాని దాగుడుమూతల దొంగ! అది నాకు తట్టనే లేదు.

సీమచింత: గణం తప్పినా ఊహ మాత్రం దీనిదే. చిల్లర బల్ల మీద పడేసి, నూనె గిన్నె అక్కడే వదిలి, వెతకడానికి పరుగెత్తిన పిల్లాడు కళ్ళ ముందున్నాడు.

నిర్వాహకుడు: సవరణతో నా ఓటూ దానికే. కొట్టంటే సరుకు కొనడానికే కాదు, దాని అరుగు పిల్లలది కూడా. ఆ మాట ఈ పద్యంలోనే వచ్చింది. విరుపు అందంలో మాత్రం గోదారిగట్టు గారిదే పైచేయి.

సీమచింత: అయితే ఆయన మూటలో పావలా కూడా వేయమనండి. 2011 జూన్ 30తో అదీ చెల్లకుండా పోయింది.

గోదారిగట్టు: పావలాకి వేరే పద్యం రాత్రికి పెడతాను. అది నిజంగా గుండ్రనిదే.