రాస్ప్‌బెర్రీ పై ప్లేయర్‌కి లీనియర్ సప్లై పెడితే పాట నిజంగా మారుతుందా?

నల్లకుంట శ్రోత:
మా ఇంట్లో పాటలు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీదే. దానిమీద డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే డాక్ బోర్డు, అక్కడి నుంచి యాంప్లిఫయర్. కరెంటు మాత్రం పై కంపెనీవాళ్లదే 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ నుంచి. ఒక మిత్రుడు అది పక్కన పడేసి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో లీనియర్ సప్లై (స్విచింగ్ లేకుండా వోల్టేజీ దించేది) కట్టించుకో, గొంతు మీద పొర తీసేసినట్టు ఉంటుంది అంటున్నాడు. ఖర్చు చూస్తే పై బోర్డు ధర దాటేలా ఉంది. చేసినవాళ్లు చెప్పండి, దండగ అనేవాళ్లు ఎందుకో కూడా చెప్పండి.

టంకం భాయ్:
నేను చేశాను, మళ్లీ పాత దానికి పోను. మామూలు అడాప్టర్ సెకనుకు వేల సార్లు స్విచ్ అవుతుంది, ఆ రొద కొంత 5 వోల్టుల లైను మీదే లోపలికి వస్తుంది, డాక్‌కి టైమింగ్ ఇచ్చే క్లాక్‌కి శుభ్రమైన కరెంటు అందకపోతే జిట్టర్, అంటే ఆ టైమింగ్‌లో తడబాటు, పెరుగుతుంది. నేను పై‌ని పాత అడాప్టర్ మీదే ఉంచి, డాక్‌కీ క్లాక్‌కీ విడిగా 3.3 వోల్టుల లైను ఎల్‌టీ3045 అనే లీనియర్ రెగ్యులేటర్ చిప్‌తో ఇచ్చాను. దాని నాయిస్ 0.8 మైక్రోవోల్టులే. తబలా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఇప్పుడు వినిపిస్తోంది.

ఓం సూత్రం:
అన్నా, నువ్వు చేసింది వేరు, ఆయన మిత్రుడు చెప్పింది వేరు. ఎల్‌టీ3045 ఇచ్చేది అర ఆంపియర్, దాంతో పై నడవదు. ఇక బయట ఎంత ఖరీదైన లీనియర్ పెట్టినా, ఆ 5 వోల్టులు పై బోర్డులోకి పోగానే అక్కడున్న స్విచింగ్ కన్వర్టర్లు ప్రాసెసర్‌కీ మెమొరీకీ కావాల్సిన చిన్న వోల్టేజీలు తయారుచేస్తాయి. గుమ్మం ముందు కళ్లాపి చల్లి ఇంట్లో దుమ్ము రేపినట్టు. పైగా చాలా డాక్ బోర్డుల మీద సొంత రెగ్యులేటర్ ఉండనే ఉంటుంది.

వేడి లెక్క కూడా చూడండి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, కెపాసిటర్ దాటేసరికి 11 వోల్టుల పైనే. 5కి దించితే ఒక్కో ఆంపియర్‌కి 6 వాట్లు ఉత్తి వేడి. హైదరాబాద్ మే నెలలో మూసిన పెట్టెలో పెట్టి చూడండి. మామూలుగా వాడే 7805 రెగ్యులేటర్ చిప్ ఒకటిన్నర ఆంపియర్ దాటదు, వోల్టేజీ 4.63 కింద పడితే పై మెరుపు గుర్తు చూపించి మొరాయిస్తుంది.

టంకం భాయ్:
7805 పెట్టమని ఎవరన్నారు? ఎల్‌ఎం338 ఉంది, 5 ఆంపియర్లు ఇస్తుంది, పెద్ద హీట్‌సింక్ బిగించుకుంటే సరి. వినకుండానే తీర్పు చెప్పేయడం మీకు అలవాటైపోయింది.

కోఠి కెపాసిటర్:
ఇద్దరూ ఆగండి. శ్రోతగారూ, ముందు పాట ఆపి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. గుయ్‌మంటోందా? రెండు పిన్నుల అడాప్టర్లలో వై కెపాసిటర్ అనే చిన్న భాగం గుండా 230 వోల్టుల వైపు నుంచి కొద్దిగా లీకేజీ కరెంటు వస్తుంది, అది ఆడియో కేబుల్ షీల్డ్ గుండా యాంప్‌కి పోయి హమ్‌గా వినిపించొచ్చు. పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి. అందులోనూ స్విచింగే ఉంటుంది కాబట్టి, దాంతో గుయ్ పోయిందంటే దోషం స్విచింగ్‌ది కాదు, గోడ ప్లగ్గు దారిది. అప్పుడు పై మీద ఆప్టికల్ అవుట్ ఇచ్చే బోర్డు, అటువైపు ఆప్టికల్ కేబుల్ తీసుకునే డాక్ పెట్టుకున్నా చాలు, ప్లేయర్‌కీ యాంప్‌కీ మధ్య ఆ తీగ బంధమే ఉండదు.

కట్టించేదే అయితే సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో, అంటే 230 వోల్టుల వైపు, ఫ్యూజు, ఇనుప పెట్టెకి ఎర్తు లేకుండా మాత్రం ప్లగ్గు పెట్టొద్దు. ధ్వని సంగతి తర్వాత, ఇంట్లో పిల్లలుంటారు.

నల్లకుంట శ్రోత:
చూశాను. గుయ్ లేదు. ట్వీటర్‌కి చెవి ఆనిస్తే సన్నగా హిస్ ఉంది, ప్లేయర్ ప్లగ్ పీకేసినా అలాగే ఉంది.

ఓం సూత్రం:
అది యాంప్‌ది. లీనియర్ సప్లై దాన్ని తాకను కూడా తాకదు. డబ్బులు దాచుకోండి, లేదా స్పీకర్ల మీద పెట్టండి.

టంకం భాయ్:
హిస్ గురించి నేను అనలేదే! డాక్ లైను ఒక్కటి మార్చి వినమంటున్నా. ఆదివారం మా ఇంటికి రండి, రెండూ ఉన్నాయి.

ఓం సూత్రం:
నేనూ వస్తా. కాకపోతే మీ ఇద్దరూ గోడ వైపు తిరిగి కూర్చోవాలి, సప్లై మార్చేది నేను, ఎప్పుడు మార్చానో చెప్పను.

టంకం భాయ్:
రా. ఇరవై సార్లు మార్చు. స్విచ్ టక్‌మని వినపడకుండా చూసుకో, లేకపోతే తర్వాత దాన్నే సాకు చెప్తావు.