పష్తూన్ టప్పాలు, జిర్గాలు తాలిబాన్లను ఎందుకు ఆపలేకపోయాయి?

జానపదపిట్ట:
పష్తూన్ల (అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌లలో ఉండే జాతి) జానపద ద్విపదలైన టప్పాల మీద వ్యాసం రాస్తున్నాను. జానపదం బతికున్నచోట తీవ్రవాదం వేరూనదు అనే మాట చాలాచోట్ల కనిపిస్తోంది. మరి పాటకీ పంచాయితీకీ (జిర్గాకీ) పేరుపడ్డ వాయవ్య పాకిస్తాన్‌లోని స్వాత్, వజీరిస్తాన్‌లలో 2004 తర్వాత తాలిబాన్లు ఎలా పాతుకుపోయారు? టప్పా లెక్క కూడా కాస్త విడమరిచి చెప్పండి.

ద్విపదప్రియ:
ముందు లెక్క. టప్పాకి (లండై అన్నా అదే) రెండే పాదాలు. మొదటిదానిలో 9 అక్షరాలు, రెండోదానిలో 13. మన గణాలు, యతిప్రాసలు అందులో వెతక్కండి. పొల్లుహల్లుని ముందక్షరంలో కలిపి లెక్కపెట్టాలి, అంతే. బ్రిటిష్‌వాళ్లతో 1880లో జరిగిన మైవంద్ యుద్ధంలో అఫ్ఘాన్ వీరవనిత మలాలై పాడిందని చెప్పుకునే టప్పా మొదటి పాదం చూడండి: క-ప-మై-వంద్-కే-ష-హీద్-న-ష్వే. సరిగ్గా తొమ్మిది. రెండో పాదం చివర 'న' గానీ 'మ' గానీ రావాలి, ఇక్కడ 'సాతిన' అని ముగుస్తుంది. భావం: మైవంద్‌లో నువ్వు ప్రాణమివ్వకపోతే, దేవుడి తోడు ప్రియా, సిగ్గుమాలిన బతుక్కే నిన్ను దాచి ఉంచుతున్నారు.

ఆ 'షహీద్' (అమరుడు) మాట గమనించారా? తాలిబాన్ల తరానాలూ (పాటలు) అదే మాట వాడతాయి, జానపద వరసల్లోనే, కాకపోతే వాయిద్యాలు ఉండవు. కాబట్టి మీరు విన్న సూత్రం నిలబడదు. వాళ్ల పగ పాటలోని మాటల మీద కాదు. రబాబ్ (తంత్రీవాద్యం) మీద, మంగై మీద (మన ఘటంలా వాయించే మట్టికుండ), ఆడగొంతు మీద, నలుగురు చేరే చోటు మీద. 2009 జనవరిలో స్వాత్‌లోని మింగోరా పట్నం గ్రీన్ చౌక్‌లో ఒక నాట్యకత్తెను చంపి పడేశారు. అదే ఏడాది మార్చి 5న పెషావర్‌లో సూఫీ కవి రహమాన్ బాబా సమాధిని పేల్చారు. అక్కడికి ఆడవాళ్లు వస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం.

రచ్చబండ:
జిర్గా సంగతి నేను చెబుతాను. మొదట ఇరుపక్షాలూ 'వాక్' ఇవ్వాలి, అంటే తీర్పుకి కట్టుబడతామని అధికారం అప్పగించాలి. తర్వాత 'మచల్గా': తుపాకులో డబ్బో పూచీగా పెడతారు. ఆపైన 'తీగా', అంటే రాయి. రాయి పెట్టారంటే పోరు ఆగిపోయినట్టే. మాట తప్పినవాడికి 'నాఘా', జరిమానా. అవసరమైతే ఊరి మగవాళ్లతో 'లష్కర్' (సాయుధ దళం) కడతారు.

ఇదంతా ఇరుపక్షాలూ ఊరివాళ్లైతేనే పనిచేస్తుంది. తాలిబాన్ వాక్ ఇవ్వడు, పూచీ పెట్టడు. పైగా అందరూ బాహాటంగా వలయంగా కూర్చునే సభ కదా, బాంబుకి అంతకన్నా సులువైన గురి ఏముంటుంది? 2008 మార్చి 2న దర్రా ఆదమ్ ఖేల్‌లో, అక్టోబర్ 10న ఓరక్‌జైలో జిర్గాల మీదే ఆత్మాహుతి దాడులు జరిగాయి. రెండోది లష్కర్ కట్టడానికి కూర్చున్న జిర్గా.

మాలిక్‌ల (తెగ పెద్దల) పరువు అంతకుముందే పలచబడింది. 1901 నాటి ఎఫ్‌సీఆర్ (సరిహద్దు నేరాల) చట్టం కింద వాళ్లు సర్కారు భత్యం తినే పెద్దలు. ఒకడి తప్పుకి తెగ మొత్తానికి శిక్ష పడేది. జిర్గాలో ఆడవాళ్లకి చోటు లేదు, రాజీకి ఆడపిల్లనిచ్చే 'స్వరా' కూడా ఉంది. వ్యాసంలో ఇవి దాచకండి.

జానపదపిట్ట:
మరి సంప్రదాయం పనికొచ్చిన సందర్భమే లేదా?

ద్విపదప్రియ:
ఉంది, అయితే దాన్ని తిరగరాసినప్పుడు. అబ్దుల్ గఫార్ ఖాన్ 1928లో 'పఖ్తూన్' పత్రిక పెట్టారు, 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ అనే అహింసా దళం కట్టారు. పగ తీర్చుకోవడమే మగతనం అనే చోట, దెబ్బ ఓర్చుకోవడమే పౌరుషమని చెప్పారు. అదే 'నంగ్' (పరువు), అర్థం వేరు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన జనం తూటాలకి ఎదురు నిలిచారు.

రచ్చబండ:
దగ్గర్లో చూస్తే 2022 అక్టోబర్. స్వాత్‌లో బడి వ్యాను డ్రైవర్‌ని కాల్చి చంపాక వేలమంది మింగోరా రోడ్ల మీదికొచ్చి, ఇంకో యుద్ధం వద్దు, శాంతి కావాలన్నారు. అది మాలిక్‌లు పిలిచిన జిర్గా కాదు.

ఇంకొకటి, మీ వ్యాసంలో పేరు ఒకేలా రాయండి. కాందహార్ వైపు 'పష్తూన్', పెషావర్ వైపు 'పఖ్తూన్'. ఆ 'ష', 'ఖ' రెండూ పష్తో లిపిలో ఒకే అక్షరం, పలుకుబడే తేడా.