అప్‌డేట్: రివ్యూలు లేని పెయిడ్ గేమ్ మాస్టర్‌ని ఆటగాళ్లు ఎలా నమ్ముతారు? (పరిష్కారమైంది)

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (గేమ్ మాస్టర్ కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట) 5వ ఎడిషన్‌ని ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని నడపాలంటే, ఒక్క రివ్యూ కూడా లేనివాళ్లు నమ్మకం ఎలా సంపాదించాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. నా ఆటలో సీట్లన్నీ నిండాయి.

పనిచేసింది వన్‌షాట్ సలహానే. 4గురు ఆటగాళ్లు, 3 గంటలు, ఆ పూటే ముగిసే కథ. ఫీజు తక్కువైనా సరే తీసుకోండి. పూర్తిగా ఉచితమైతే చెప్పకుండా మానేస్తారు. ఆట ముగిసిన వెంటనే రివ్యూ అడగాలి. 'బాగుంది' అని రాస్తే లాభం లేదు. కొత్తవాళ్లకి రూల్స్ ఎలా నేర్పారు, అందరికీ వంతు దక్కిందా, టైముకి ముగిసిందా అన్నవి రాయమనండి. అందరి అనుమతితో రికార్డ్ చేసిన 2 నిమిషాల క్లిప్ కూడా బాగా ఉపయోగపడింది.

లిస్టింగ్‌లో సెషన్ జీరో (ఆట మొదలయ్యే ముందు ఆట ఎలా ఉండాలో అందరూ మాట్లాడుకునే సమావేశం), ఎక్స్-కార్డ్ (ఇబ్బందిపెట్టే విషయం వస్తే ఆపమని ఆటగాళ్లు చూపే గుర్తు), రద్దయితే డబ్బు వాపసు ఎలాగో ముందే రాయాలి. అమెరికాలో ఉన్నవాళ్లని పిలిస్తే టైము జాగ్రత్త: న్యూయార్క్‌కీ మనకీ తేడా వేసవిలో 9:30 గంటలు, చలికాలంలో 10:30. మార్చి, నవంబర్‌లలో అక్కడ గడియారం మారిన వారం తప్పకుండా గుర్తుచేయండి.

ఖరీదైన మైకు, గొంతులు మార్చి మాట్లాడటం, సర్టిఫికెట్ల గురించి ఒక్కరూ అడగలేదు.