లోక్‌సత్తాకు ఒక్క సీటు, ఆప్‌కు ఏడాదిలో ఢిల్లీ: తేడా ఎక్కడొచ్చింది?

పల్నాటి_పరిశీలకుడు (ప్రశ్న)

రెండూ అవినీతి మీద ఉద్యమం నడిపి తర్వాత పార్టీలైనవే. తేదీ కూడా ఒకటే, అక్టోబర్ 2. లోక్‌సత్తా 2006లో, ఆమ్ ఆద్మీ 2012లో. (ఆప్ లాంఛనంగా మొదలైంది నవంబర్ 26న, సరే.) 2009లో లోక్‌సత్తాకు కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గారి సీటు ఒక్కటే దక్కింది. ఆప్ 2013 డిసెంబర్‌లో 70కి 28 గెలిచి, అదే నెలలో ప్రభుత్వంలో కూర్చుంది.

"ఢిల్లీ వాళ్లు చదువుకున్నోళ్లు", "మనోళ్లు డబ్బు తీసుకుని ఓటేస్తారు", "అంతా అన్నా హజారే హవా". ఈ మూడు జవాబులూ విని విని విసుగొచ్చింది. సీట్లు, బూత్‌లు, డబ్బు, ఎన్నికల సంఘం నిబంధనల లెక్కలో తేడా ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి. పనిలో పనిగా, ఇవాళ ఎవరైనా అలాంటి పార్టీ పెడితే కాగితాల పని ఎక్కడ తప్పుతుందో కూడా రాయండి.

బూత్_లెక్కలు

ముందు మైదానం ఎంతుందో చూడండి. ఢిల్లీ మొత్తం 1,484 చదరపు కిలోమీటర్లు, 70 స్థానాలు. 2009 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 294 స్థానాలు, దాదాపు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. లోక్‌సత్తా అందులో రెండు వందలకు పైగా స్థానాల్లో అభ్యర్థుల్ని నిలబెట్టింది. ఓట్లు 2 శాతం లోపే. ఆ ఓట్లు కూడా హైదరాబాద్ చుట్టూ కాస్త చిక్కగా, మిగతా చోట్ల పలచగా పడ్డాయి. చిక్కగా ఉన్న చోటే సీటు వచ్చింది.

మన ఎన్నికల పద్ధతిలో కొత్త పార్టీకి ఒక గడప ఉంటుంది. అది దాటేదాకా వచ్చిన ఓట్లు వృథా, దాటాక సీట్లు పోటెత్తుతాయి. ఈ నాలుగు లెక్కలు పక్కపక్కన పెట్టుకోండి.

2009 ప్రజారాజ్యం: 16 శాతం పైచిలుకు ఓట్లు, 294లో 18 సీట్లు.
2013 ఆప్: 29.5 శాతం, 70లో 28.
2015 ఆప్: 54.3 శాతం, 70లో 67.
2025 ఆప్: 43.6 శాతం, 70లో 22. బీజేపీకి 45.6 శాతంతో 48.

ప్రజారాజ్యానికి చిరంజీవి లాంటి ముఖం, అన్ని జిల్లాల్లో జనం ఉన్నా ఓట్లలో ఆరో వంతుకు సీట్లు ఆరు శాతమే వచ్చాయి. అలాంటప్పుడు లోక్‌సత్తా ఓటర్లను తప్పుపట్టడం దండగ.

రెండోది, బిల్లు. 2013 మార్చి 23 నుంచి ఏప్రిల్ 6 దాకా కేజ్రీవాల్ సుందర్ నగరీలో నిరాహార దీక్ష చేసింది లోక్‌పాల్ కోసం కాదు, కరెంటు బిల్లుల మీద. డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) లెక్కలు దాచి బిల్లులు పెంచాయన్నది ఆరోపణ. "అవినీతి" అనే గాలిమాట నెలనెలా ఇంటికొచ్చే కాగితమైంది. ఆటోల వెనక పోస్టర్లు, గల్లీ సభలు, నియోజకవర్గానికి విడిగా ఒక మేనిఫెస్టో, అన్నీ దీనికి తోడయ్యాయి. లోక్‌సత్తా చెప్పినవి దామాషా పద్ధతి (ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు), స్థానిక పాలన, ఎన్నికల సంస్కరణ. మంచి మాటలే, కానీ వంటింట్లో మేకుకు తగిలించే బిల్లు కాదుగా అవి.

మూడోది, బూత్. ఢిల్లీలో 2013 నాటికి 11 వేల పైచిలుకు పోలింగ్ కేంద్రాలు, అంటే సీటుకు 165 దాకా. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 46 వేల పైన, సీటుకు సుమారు 265. బూత్‌కు ఒక పోలింగ్ ఏజెంటు, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లు. అంటే ఒక్క నియోజకవర్గానికి ఎనిమిది వందల మంది కావాలి, జీతం లేకుండా, తెల్లవారుజామునే బూత్ దగ్గర. ఎందుకంటే పోలింగ్‌కు 90 నిమిషాల ముందే మాక్ పోల్ (ఈవీఎం పరీక్ష), కనీసం 50 ఓట్లు వేసి చూపించాలి. సాయంత్రం ఫారం 17సీ (ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) నకలు తీసుకోకుండా ఇంటికెళ్లిన ఏజెంటు పొద్దుటి నుంచి కూర్చున్నా లాభం లేదు. లెక్కింపు రోజు ఈవీఎంలో ఓట్ల మొత్తం సరిపోల్చడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఫారం_బీ

పైన చెప్పిన మూడింటితో ఏకీభవిస్తూనే, కాగితాల సంగతి రాస్తాను. ఇక్కడే చాలా పార్టీలు పుట్టకముందే పోతాయి.

రిజిస్ట్రేషన్ ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 29ఏ కింద. పార్టీ ఏర్పడిన 30 రోజుల్లో దరఖాస్తు ఢిల్లీలోని ఎన్నికల సంఘానికి చేరాలి. 10,000 రూపాయల రుసుము, కనీసం 100 మంది సభ్యులు, వాళ్లంతా నమోదైన ఓటర్లని, వేరే రిజిస్టర్డ్ పార్టీలో లేరని అఫిడవిట్లు. పార్టీ నియమావళిలో రాజ్యాంగానికి, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడతామన్న వాక్యం చట్టంలో ఉన్నట్టే ఉండాలి. దాన్ని "మెరుగుపరిచి" రాసినవాళ్లకు దరఖాస్తు వెనక్కొస్తుంది. ఆ తర్వాత రెండు జాతీయ, రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. మొత్తం మీద నెలలు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పార్టీ పెడితే ఆ ఎన్నికకు అందరూ స్వతంత్రులే.

గుర్తు వేరే దరఖాస్తు. రిజిస్టరైనంత మాత్రాన గుర్తు రాదు. 1968 గుర్తుల ఉత్తర్వు, 10బీ పేరా కింద ఉమ్మడి గుర్తు అడగాలి. శాసనసభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి ఈ దరఖాస్తులు తీసుకుంటారు. ఖాళీ గుర్తుల్లోంచి ప్రాధాన్య క్రమంలో పది రాసివ్వాలి. మొత్తం స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేస్తామని హామీ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175కు 9, తెలంగాణలో 119కి 6. లోక్‌సత్తాకు ఈల, ఆప్‌కు చీపురు ఇలా వచ్చినవే. చీపురు పోలింగ్‌కు నెలల ముందే చేతికొచ్చింది కాబట్టి ఇంటింటికీ చేరింది.

పోలిక గుర్తుల గొడవ కూడా చూసుకోండి. 2013లో టార్చ్ గుర్తు చీపురులా ఉందని ఆప్ మొత్తుకుంది. ఆ ఎన్నికలో ఆర్కే పురం స్థానం ఆప్ 326 ఓట్లతో పోగొట్టుకుంది. టీఆర్ఎస్ కారు గుర్తుకు దాన్ని పోలిన రోడ్ రోలర్, చపాతీ కర్రతో వచ్చిన తలనొప్పి తెలంగాణలో అందరికీ తెలిసిందే. 2020 దుబ్బాకలో తేడా వెయ్యి చిల్లర ఓట్లైతే చపాతీ కర్రకు మూడున్నర వేలు పడ్డాయి.

నామినేషన్ రోజు తప్పులు ఇంకా చిన్నవి, ఇంకా ప్రాణాంతకం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. గుర్తింపు లేని పార్టీకి పది మంది, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే. ఒక్కరి పార్ట్ నంబరు (ఓటర్ల జాబితాలో భాగం సంఖ్య) తప్పినా పరిశీలనలో ఇరుక్కుంటారు. పదకొండు, పన్నెండు సంతకాలు తీసుకోవడం తెలివైన పని. ఫారం ఏ, ఫారం బీ (ఇతను మా పార్టీ అభ్యర్థి అని తెలిపే కాగితాలు) సిరాతో సంతకం చేసిన అసలు ప్రతులు, నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటో చెల్లదు. ఆస్తులు, కేసులు చెప్పే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి.

ఇక గుర్తింపు లేని పార్టీకి బూత్ స్థాయి ఏజెంటును (పోలింగ్ ఏజెంటు కాదు, ఓటర్ల జాబితా పని చూసే మనిషి) పెట్టుకునే హక్కు ఉండదు, ఓటర్ల జాబితా ఉచితంగా రాదు. బ్యాలెట్‌పై పేరు కూడా గుర్తింపు పార్టీల కింద వస్తుంది. ఈ మెట్టు దాటడానికి రాష్ట్రంలో 6 శాతం ఓట్లతో పాటు ఇద్దరు ఎమ్మెల్యేలు కావాలి, లేదా సీటు లేకపోయినా 8 శాతం ఓట్లు. ఇంకా దారులున్నాయి గానీ కొత్తవాళ్లకు పనికొచ్చేవి ఈ రెండే. ఆప్ ఢిల్లీ, పంజాబ్, గోవా, గుజరాత్‌లలో ఈ మెట్లెక్కి 2023 ఏప్రిల్ 10న జాతీయ పార్టీ అయింది.

పార్టీ పెట్టి ఊరుకున్నా కుదరదు. 2019 నుంచి ఆరేళ్లలో ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదని ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 334 పార్టీల్ని జాబితాలోంచి తీసేసింది, సెప్టెంబర్‌లో మరో 474ను.

చిల్లర_ఖాతా

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. 2013లో ఢిల్లీ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 14 లక్షలు. 70 మందికి 9.8 కోట్లు. దాని మీద పార్టీ ఖర్చు వేసుకుని ఆప్ 20 కోట్లు లక్ష్యం పెట్టుకుంది, అది నిండగానే ఇక చాలు, పంపొద్దంది. ఆ "చాలు" అన్న మాటే పెద్ద ప్రచారం.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు పరిమితి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక మనిషికి 10,000 దాటితే నగదు వద్దు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయినవాళ్లు ఇక్కడే బద్ధకిస్తారు. సెక్షన్ 10ఏ కింద మూడేళ్లు అనర్హత పడుతుంది.

పార్టీ వైపు: ఒకరి దగ్గర 2,000 దాటి నగదు విరాళం తీసుకోకూడదు. 20,000 దాటిన ప్రతి విరాళం ఫారం 24ఏలో పేరుతో సహా చూపాలి. అది గడువులోపు ఇవ్వకపోతే ఆదాయపన్ను మినహాయింపు పోతుంది. నిజాయితీ పార్టీకి ఆదాయపన్ను నోటీసు వస్తే పత్రికల్లో ఎలాంటి శీర్షిక వస్తుందో చెప్పక్కర్లేదు.

పల్నాటి_పరిశీలకుడు

డల్లాస్, న్యూజెర్సీ తెలుగువాళ్లు విరాళం ఇవ్వొచ్చా? దీని మీద ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

చిల్లర_ఖాతా

పాస్‌పోర్ట్ చూడాలండి, ఊరు కాదు. భారత పాస్‌పోర్ట్ ఉంటే హెచ్1బీ అయినా గ్రీన్‌కార్డ్ అయినా ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా చట్టం కళ్లకు విదేశీ వనరే, రాజకీయ పార్టీకి ఇవ్వకూడదు. కాబట్టి విరాళం పేజీలోనే పాస్‌పోర్ట్ నంబరు, పౌరసత్వం గడులు తప్పనిసరి చేయాలి. భార్య ఓసీఐ, భర్త భారత పౌరుడు, ఇద్దరిదీ ఉమ్మడి ఖాతా అయితే భర్త ఒక్కడి పేరున్న ఖాతా నుంచి పంపమనండి. వెనక్కి పంపడం కంటే ముందే ఆపడం తేలిక.

సచివాలయం_సందు

గెలవడం దాకా బాగానే రాశారు. నా లెక్కలో అసలు గుంటలు ఆ తర్వాతే ఉన్నాయి.

2013 డిసెంబర్ 28న ప్రమాణం, 30న నీళ్ల ప్రకటన: మీటరున్న ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. ఒక్క లీటరు దాటితే మొత్తానికి బిల్లు. మీటరు లేనివాళ్లకు, పైపే వేయని కాలనీలకు అందింది సున్నా. 31న 400 యూనిట్ల దాకా కరెంటు సగం ధర, అదీ మూడు నెలలకే. వేగంగా మాట నిలబెట్టుకోవాలంటే ఇలాంటి లొసుగులు తప్పవు, కానీ ముందే చెప్పి ఉండాల్సింది.

జన్‌లోక్‌పాల్ దగ్గర అధికారమే లేదు. 239ఏఏ అధికరణం కింద ఢిల్లీలో పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రానివి. ఆ బిల్లుకు కేంద్రం ముందస్తు అనుమతి కావాలన్నది లెఫ్టినెంట్ గవర్నర్ వాదన. 2014 ఫిబ్రవరి 14న సభలో ప్రవేశపెట్టడానికే 42 మంది వ్యతిరేకం, 27 మంది అనుకూలం. 49 రోజులకు రాజీనామా. తర్వాత కేంద్రం ఇచ్చిన 2014, 2015 నోటిఫికేషన్లతో ఢిల్లీ ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) చేతిలోంచి కేంద్ర ఉద్యోగులూ జారిపోయారు. అవినీతి మీద గెలిచిన పార్టీకి అవినీతి పట్టే యంత్రం చేతిలో లేకుండా పోయింది. మూల రాష్ట్రం ఎంచుకునేటప్పుడు ఇది చూడాలి. ఆంధ్రలో, తెలంగాణలో ఏసీబీ రాష్ట్రానిదే.

ఆ ఊపులో 2014 లోక్‌సభకు 432 స్థానాల్లో పోటీ. గెలిచినవి నాలుగు, అన్నీ పంజాబ్‌లో. నాలుగు వందలకు పైగా చోట్ల ఆరో వంతు ఓట్లు రాక డిపాజిట్ పోయింది. స్థానానికి 25,000 చొప్పున (ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం) అటూఇటూగా కోటి రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచి, కార్యకర్త చెదిరిపోయాడు. లోక్‌సత్తా మొదటి ఎన్నికలో చేసిన తప్పే ఆప్ రెండో ఎన్నికలో చేసింది.

లోపలి కట్టుబాట్లు చివర్లో జారాయి. 2015 మార్చిలో 11-8 ఓట్లతో యోగేంద్ర యాదవ్, ప్రశాంత్ భూషణ్‌లను రాజకీయ వ్యవహారాల కమిటీ నుంచి తీసేశారు, ఏప్రిల్‌లో బహిష్కరించారు. అంతర్గత లోక్‌పాల్‌గా ఉన్న అడ్మిరల్ రాందాస్‌నూ మార్చేశారు. కన్వీనర్ పదవికి రెండు విడతల పరిమితి పార్టీ నియమావళిలోనే ఉండేది, 2021 జనవరిలో ఎత్తేశారు. నియమావళి రాసేటప్పుడు ఇలాంటి పరిమితిని మార్చాలంటే నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలని, మార్పు ఇప్పుడున్న నాయకుడికి వర్తించదని రాసుకుంటే కొంత అడ్డు. కొంతే.

మద్యం విధానం కేసు మంచిచెడ్డలు పక్కన పెడదాం. మన కవిత గారి అరెస్టు 2024 మార్చి 15న, కేజ్రీవాల్‌ది 21న. వేరే పార్టీకి అరెస్టు ఒక వార్త. శుభ్రతే సరుకుగా అమ్మిన పార్టీకి అది దుకాణం మీద దాడి.

బూత్_లెక్కలు

చివరి మాట పూర్తిగా ఒప్పుకోను. 2025లో ఆ కేసులన్నీ మీద ఉండగా కూడా 43.6 శాతం నిలిచింది. పడగొట్టింది రెండు శాతం తేడా, దాంతో పాటు విడిగా పోటీ చేసిన కాంగ్రెస్‌కు పడ్డ ఆరు శాతం. న్యూఢిల్లీ స్థానమే చూడండి. 2013లో కేజ్రీవాల్ షీలా దీక్షిత్‌ను 25,864 ఓట్లతో ఓడించారు. 2025లో అక్కడే 4,089తో ఓడారు. మూడో స్థానంలో ఆమె కొడుకు సందీప్ దీక్షిత్‌కు పడ్డవి 4,568.

సచివాలయం_సందు

ఆ 4,568 అన్నీ ఆప్‌కే వచ్చేవని ఏ ఫారంలో ఉందండీ? అదే స్థానంలో 25 వేల ఆధిక్యం ఏమైందో ముందు చెప్పండి, కాంగ్రెస్ లెక్క తర్వాత చూద్దాం.